ప్రేమ్‌చంద్ మాట మీద సముద్రంల జాగ కొన్నరు

బొంబాయికి బతుకపోయిన మనోళ్లు చర్చ్‌గేట్ స్టేషన్‌ల దిగి బయటికొస్తే, ఓవల్ మైదానం అవతల ఒక ఎత్తైన గడియారం గోపురం కనపడుతది. పేరు రాజాబాయి టవర్. 280 ఫీట్ల ఎత్తు. బొంబాయి యూనివర్సిటీ లైబ్రరీని ఆనుకొని ఉంటది. రాజాబాయి అంటే ఏ సంస్థానం రాణో, గవర్నర్ భార్యనో కాదు. ఒక షేర్ బ్రోకర్ తల్లి. ఆ బ్రోకర్ పేరు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్. 160 ఏండ్ల కింద బొంబాయి షహర్‌ల సగం మంది ఈయన మాట మీద జాగ కొన్నరు. కొన్ననాడు ఆ జాగ ఇంకా సముద్రం నీళ్ల కిందనే ఉండె.

ఆయన గురించి ఇప్పుడెందుకంటే, మన ఊర్లల్ల డిగ్రీ చదివే పోరలు కూడ ప్లాట్ల గురించే మాట్లాడుతున్నరు. రింగ్ రోడ్డు ఎటు దిక్కు పోతది, ఏ మండలంల గజం ఎంతున్నది, ప్రీ లాంచ్‌ల పెడితే ఎంత మిగులుతది, ఇదే ముచ్చట. ఎవలను సలహా అడిగినా వచ్చే జవాబు ఒక్కటే. లైన్‌ల తెలిసినోడు ఉండాలె, కాంటాక్టులు ఉండాలె అంటరు. తప్పు మాట కాదు. భూమి వ్యాపారం మొత్తం మనుషుల మీదనే నడుస్తది. కానీ తెలిసినోడు అంటే ఎవడు, వాడు మనకు చెప్పే మాటల వాని పాలు ఎంత అన్నది ఎవ్వలు అడుగరు. ప్రేమ్‌చంద్‌ను కూడ ఎవ్వలు అడుగలేదు.

రెండు దిక్కుల తెలిసినోడు

ప్రేమ్‌చంద్ 1830ల మొదట్ల సూరత్‌ల పుట్టిండు. జైనుల కుటుంబం. తండ్రి రాయ్‌చంద్ దీప్‌చంద్‌ది కలప వ్యాపారం. పెద్ద ఆసాములేం కాదు. సూరత్ రేవు అప్పటికే పడిపోయింది, సరుకంతా బొంబాయికి మళ్లింది. పిల్లగానిగ ఉన్నప్పుడే కుటుంబం కూడ అటే పోయింది. తండ్రి చేసిన మంచి పని, కొడుకుకు ఇంగ్లీష్ చదువు చెప్పించుడు. ఎల్ఫిన్‌స్టన్‌ల చదివిండు. ఇంగ్లీష్ మాట్లాడుడు, చదువుడు, రాసుడు మూడూ వచ్చిన మొదటి దేశీ షేర్ బ్రోకర్ ఈయనే అంటరు.

దీని విలువ ఏందో అర్థం కావాలంటే అప్పటి బజారును చూడాలె. టౌన్ హాల్ ముంగట మర్రి చెట్ల కింద పదులల్ల బ్రోకర్లు నిలబడేటోళ్లు. ఆఫీసు లేదు, బోర్డు లేదు. ఒక దిక్కు ఇంగ్లీష్ కంపెనీలు, బ్యాంకులు. వాళ్లకు గుజరాతీ రాదు, బజారుల ఎవడు గట్టోడో ఎవడు వట్టోడో తెల్వదు. ఇంకో దిక్కు భాటియాలు, బనియాలు, పార్సీ సేట్లు. వాళ్లదగ్గర పైసలున్నయి గని, ఇంగ్లీషోళ్ల కాగితం చదువరాదు. నడిమిట్ల నిలబడి ఇద్దరికీ అర్థమయ్యేటట్టు చెప్పేటోడు కావాలె. ప్రేమ్‌చంద్ ఆ నడిమిట్ల నిలబడ్డడు.

చేతుల పైస లేకుండ మొదలుపెట్టేటోనికి ఇదే తొవ్వ, అప్పుడైనా ఇప్పుడైనా. పెద్ద బ్రోకర్ కాడ కొన్నేండ్లు పని చేసిండు, మనుషులను చూసిండు. ఆయన యాది గురించి మస్తు చెప్పుకునేటోళ్లు. ఎన్ని బేరాలు చేసినా కాగితం మీద రాసుకోకుండ మనసుల పెట్టుకొని, మాట తప్పకుండ తీర్చేటోడట. ఆ బజారుల నోటి మాటనే అగ్రిమెంట్. ఒక్కసారి మాట తప్పితే మల్ల చెట్టు కింద నిలబడనియ్యరు. అందుకే ఆ రోజులల్ల ప్రేమ్‌చంద్ ఇచ్చే సలహాకు ధర ఉండె. అది తప్పయితే మొదలు పోయేది ఆయన పేరే. కమీషన్ ఎంతొచ్చినా పేరు పోతే రేపటి బేరం లేదు. ఈ ముచ్చట యాదిల పెట్టుకోవాలె, తర్వాత మారింది ఇదే.

కబురు ముందుగాల పట్టుకునే తెలివి కూడ ఉండె. లివర్‌పూల్‌ల పత్తి ధర ఎంతున్నదన్నది ఓడల ఉత్తరాలొస్తేనే బొంబాయికి తెలిసేది. లండన్‌కు తంతి తీగలు 1865ల గని కలువలేదు. అందరూ రేవుల నిలబడి ఓడ కోసం ఎదురుచూస్తుంటే, ప్రేమ్‌చంద్ చిన్న పడవల మనుషులను సముద్రంలకు పంపి, ఓడ రేవుకు రాకముందే కబురు తెప్పించుకునేటోడని చెప్తరు. కొన్ని గంటలు ముందు తెలిస్తే చాలు, కొనేది కొంటడు, అమ్మేది అమ్ముతడు.

పత్తి పైసలు

1861ల అమెరికాల ఉత్తర దక్షిణ రాష్ట్రాల నడుమ యుద్ధం మొదలైంది. ఇంగ్లండ్‌ల లాంకషైర్ మిల్లులకు పోయే పత్తిల పెద్ద వంతు అమెరికా దక్షిణ రాష్ట్రాలదే, అక్కడి బానిసలు ఏరిన పత్తి. ఉత్తరాదోళ్లు ఓడలను సముద్రం మీదనే ఆపేసిన్రు. మిల్లులు మూతపడ్డయి. ఇగ ఇంగ్లండ్‌కు కనపడ్డది ఇండియా పత్తి. గుజరాత్, ఖాందేశ్, బేరార్ పత్తి అంత బొంబాయి రేవుకు వచ్చింది. బేరార్ అంటే మనకు పరాయిది కాదు, నిజాంది. 1853ల ఇంగ్లీషోళ్లు బాకీ కింద చేతులల్లకు తీసుకున్నరు. మంచి నల్లరేగడి నేల.

పత్తి ధర మూడింతలు, నాలుగింతలు పెరిగింది. పరుపులల్ల దూదిని గూడ పీకి అమ్ముకున్నరని ఆ కాలం ముచ్చట్లల్ల ఉన్నది. నాలుగైదేండ్లల్ల మామూలుగ వచ్చేదానికి మీద ఏడెనిమిది కోట్ల పౌండ్లు బొంబాయికి అదనంగ వచ్చి పడ్డయని లెక్క. అంత సొమ్ము ఒక్క షహర్‌ల పడితే ఏమైతది? కొన్నాళ్లు బంగారం కొన్నరు, వెండి కొన్నరు. తర్వాత దేంట్ల పెట్టాలో తెల్వక తండ్లాడిన్రు. రైతుబంధు పైసలు గాదు ఇవి, కోట్ల పైసలు.

గప్పుడు పుట్టినయి కంపెనీలు. 1865 జనవరి నాటికి బొంబాయిల 31 బ్యాంకులు, 16 ఫైనాన్స్ సంఘాలు, 8 జాగల కంపెనీలు, 16 పత్తి ప్రెస్సుల కంపెనీలు, 10 ఓడల కంపెనీలు, 20 ఇన్సూరెన్స్ కంపెనీలు లెక్కతేలినయి. ఇండ్ల చాలావాటికి బోర్డు తప్ప పని లేదు. ఒక బ్యాంకు పెడుతరు, ఆ బ్యాంకు ఒక ఫైనాన్స్ కంపెనీకి అప్పిస్తది, ఆ కంపెనీ మల్ల ఇంకో బ్యాంకు షేర్లు కొంటది. సుట్టూ తిరిగేది అదే పైస.

నీళ్లల్ల జాగ

జాగ మీదికి ఎందుకు పోయిన్రంటే, బొంబాయిల జాగ నిజంగనే లేదు. అది సన్నపు దీవి. 1864ల జనాభా లెక్క తీస్తే ఎనిమిది లక్షలు దాటింది. గవర్నర్ బార్టిల్ ఫ్రేర్ పాత కోట గోడలు కూలగొట్టిచ్చి షహర్‌ను పెద్దగ చేయాలనుకుండు. ఈ షహర్‌ను మోసి కట్టిన చేతులల్ల మన చేతులు కూడ ఉన్నయి. కామాటిపురా అన్న పేరు నిజాం ఇలాకా నుంచి కూలికి పోయిన తెలుగు కామాటీలతోని వచ్చిందే. రేవుకు జాగ కావాలె, పత్తి గోదాములకు జాగ కావాలె, రైలు పట్టాలకు జాగ కావాలె. పడమటి దిక్కు మలబార్ హిల్ నుంచి కొలాబా దాక సముద్రం లోపలికి వంగి ఉంటది. దాన్ని బ్యాక్ బే అంటరు. ఆ ఒడ్డు మట్టి పోసి పూడిస్తే కొత్త నేల వస్తది. ఆలోచనల తప్పేం లేదు. ఇయ్యాల ఆ చుట్టుపక్కల గజం ధర దేశంలనే ఎక్కువ.

అట్ల పుట్టింది బ్యాక్ బే రిక్లమేషన్ కంపెనీ. ఎనుక ఉన్న మనుషులల్ల ముఖ్యుడు ప్రేమ్‌చంద్. ఆయన చేతుల ఏషియాటిక్ బ్యాంకింగ్ కార్పొరేషన్ అనే బ్యాంకు కూడ ఉండె. రెండిటికీ పొత్తు. కంపెనీ మూలధనం కోటి రూపాయలు. ఒక్క షేర్ 5,000, మొత్తం 2,000 షేర్లు. 400 షేర్లు బొంబాయి సర్కారే తీసుకోవాలనుకున్నది. సర్కారు గూడ పాలుపంచుకుంటదంటే జనం ఎంత నమ్ముతరో చూడున్రి. అయితే పై సర్కారు ఒప్పుకోలే, సర్కారు ఇట్ల జాగల వ్యాపారంల దిగొద్దన్నది. ఈ కథ మొత్తంల వద్దు అన్న పెద్ద గొంతు ఇదొక్కటే. బజారోళ్లకు మాత్రం అది హెచ్చరిక లెక్క వినపడలే. ఇంకో 400 షేర్లు దొరుకుతున్నయని సంబురపడ్డరు. ఆ 400 షేర్లను వేలం పెడితే ఒక్కోదాని మీద 26 వేలకు పైన ప్రీమియం వచ్చింది, మొత్తం కోటికి పైన. ఆఖరుకు 5 వేల షేర్ మీద 50 వేల దాక ప్రీమియం పోయింది.

అప్పటికి తట్టెడు మట్టి ఎంత పోసిన్రు? శాన తక్కువ. జనం కొన్నది నేలను కాదు, నేల అయితదన్న కాగితాన్ని. ఆ కాగితాన్ని కూడ శానమంది పూర్తి పైసలు పెట్టి కొనలే. ఫలానా తారీఖు నాడు ఇంత ధరకు తీసుకుంట అని ఒప్పందం రాసుకుంటరు, ఆ తారీఖు లోపల్నే ఇంకొకనికి ఎక్కువకు అమ్ముకుంటరు. మన దగ్గర ఇదెట్లుంటదో చెప్పాల్సిన పని లేదు. పది శాతం బయానా ఇచ్చి అగ్రిమెంట్ చేసుకొని, మూడు నెలల గడువు పెట్టుకొని, రిజిస్ట్రేషన్ కాకముందే ఆ అగ్రిమెంట్‌ను ఇంకొకనికి, వాడు మల్ల ఇంకొకనికి తిప్పేటోళ్లు ప్రతి మండలంల ఉన్నరు. ధర పెరిగినన్ని రోజులు అందరూ తెలివిగల్లోళ్లే. గడువు నాటికి ఎవని చేతుల కాగితం ఉంటదో వాడు దొరికిపోతడు. బొంబాయిల శాన ఒప్పందాలకు పెట్టుకున్న గడువు 1865 జులై 1.

పొద్దుగాల్నే ఇంటి ముంగట

ప్రేమ్‌చంద్ బంగళా బైకుల్లాల ఉండె. పొద్దు పొడవకముందే బండ్లు, మనుషులు బారులు తీరేటోళ్లు. సేట్లు, గుమాస్తాలు, దలాలీలు, ఇంగ్లీష్ దొరలు కూడ. ఏది కొనాలె, ఏది అమ్మాలె, కొత్త కంపెనీల తనకు నాలుగు షేర్లు రాయిస్తడా, ఇదే పని. కొత్త కంపెనీ పెడితే షేర్లు ఎవలకియ్యాలో తేల్చే జాబితా ఆయన చేతులనే ఉండేది. జాబితాల పేరు పడితే చాలు, రూపాయి పెట్టకముందే లాభం. కాబట్టి ఆయన గుర్తుపడితే అదృష్టం, పేరు పెట్టి పిలిస్తే పండుగ. ఆ కాలాన్ని కండ్లార చూసిన దిన్షా వాచా తర్వాత ఆయన మీద పుస్తకమే రాసిండు. మనిషి ఎట్ల ఉండెనంటే, పొగరు లేదు, తెల్లబట్టలు, మెల్లగ మాట, ఆడంబరం తక్కువ. జనం ఇంకా ఎక్కువ నమ్మిన్రు. మోసగాడంటే ముఖంల తెలుస్తదని మనం అనుకుంటం గద.

ఇక్కడ నేను ఆగాలె. ప్రేమ్‌చంద్ మోసం చేసిండా అని అడిగితే, నాకైతే ఆయన జనాన్ని కావాలని ముంచిండని అనిపియ్యదు. తను చెప్పింది తను నమ్మిండు, తన పైసలు కూడ దాంట్లనే పెట్టిండు. కానీ సలహా ఇచ్చేటోడు నమ్మి చెప్తున్నడా లేదా అన్నది సగం లెక్కనే. చెట్టు కింద నిలబడ్డ రోజుల ఆయన బ్రోకర్. కొనేటోడు బాగుంటేనే ఆయన బాగుంటడు. 1864 వచ్చేసరికి ఆయనే కంపెనీ పెట్టినోడు, ఆయనే షేర్లు పంచేటోడు, ఆయనే అమ్మేటోడు, అప్పు ఇప్పిచ్చేటోడు కూడ ఆయనే. ఇన్ని కుర్చీలల్ల ఒక్కడే కూసున్నంక, కొనుమంటవా వద్దంటవా అని అడుగుడుల అర్థం ఏమున్నది? వద్దు అని చెప్తే ఆయన కంపెనీ ధరే పడుతది. వద్దు అన్న మాటను ఆయన నోట్లనుంచి పరిస్థితే తీసేసింది.

అప్పు ముచ్చట మరీ పెద్దది. బ్యాంక్ ఆఫ్ బాంబే అని 1840 నుంచి నడుస్తున్న బ్యాంకు. దాంట్ల సర్కారు వాటా ఉండె, సర్కారు పెట్టిన డైరెక్టర్లు ఉండె. అసొంటి బ్యాంకుకు ఒక రకంగ పాత నియమం కాపలా కాసేది, షేర్లను కుదువ పెట్టుకొని అప్పు ఇయ్యొద్దని. 1863ల కొత్త చట్టంతోని ఆ కట్టు ఇప్పేసిన్రు. ఇగ తొవ్వ ఖుల్లా. బ్యాంకుల పెద్ద కుర్చీల ఉన్నోళ్లతోని ప్రేమ్‌చంద్‌కు మంచి సోపతి. ఎవలకు అప్పు కావాలన్నా ఆయన కాడికి పోయేది, ఆయన చిన్న చిట్టీ రాసిచ్చేది, అది చూయిస్తే బ్యాంకుల లక్షల అప్పు పుట్టేది. జమానతు ఏందని, తీర్చే తాహతున్నదా అని గట్టిగ అడిగినోడు లేడు. చిట్టీ మీది పేరే జమానతు. ఆ అప్పుతోని కొనేది ఏంది? ప్రేమ్‌చంద్ కంపెనీల షేర్లే. వాటిని మల్ల బ్యాంకులనే కుదువ పెట్టేది.

అడగాల్సినోళ్లు ఎందుకు అడుగలేదంటే, వాళ్ల చేతులల్ల కూడ షేర్లు ఉండె. డైరెక్టర్లల్ల, పెద్ద ఉద్యోగులల్ల, వకీళ్లల్ల, పత్రికలోళ్లల్ల కొననోడు తక్కువ. ఒక కొత్త మనిషి సలహా కోసం పదిమంది కాడికి పోయినా, పదిమంది ఒకే మాట చెప్తరు, ఎందుకంటే పదిమంది ఒకే పడవల ఉన్నరు. మన ఊర్లె కూడ వెంచర్ మంచిదా కాదా అని అడుగబోతే ఏజెంటైన మేనత్త కొడుకును అడుగుతం, వాని పైన ఉన్న లీడర్‌ను అడుగుతం, సైటు చూడబోయిన బస్సుల పక్క సీటోన్ని అడుగుతం. ఆ జాగకు హద్దులల్ల ఎవుసం చేసే రైతును అడుగం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల ఈసీ తీసి, లింక్ డాక్యుమెంట్లు పట్టుకొని, ఆ కంపెనీతోని ఏ సంబంధం లేని వకీలుకు రెండు వేలో మూడు వేలో ఫీజు ఇచ్చి చదివిపియ్యం. 2016ల రెరా చట్టం వచ్చింది, దాని కిందికొచ్చే లేఅవుట్‌కు నంబర్ లేకుండ ప్లాటు అమ్ముడు, ప్రచారం చేసుడు గూడ తప్పే. నంబర్ నిజందేనా అని ఫోన్లనే చూసుకోవచ్చు. గదానికి మాత్రం టైం దొరకదు, తెలిసినోడు ఉన్నడు గద అంటం.

ప్రేమ్‌చంద్‌కు సలహా ఇచ్చేటోడు ఎవడు అన్నది ఇంకో ముచ్చట. పొద్దున లేస్తే వందలమంది ఇంటికి వచ్చేటోనికి, నువ్వు చేసేది తప్పు అని చెప్పే మనిషి ఒక్కడూ లేడు. వచ్చినోళ్లంత అడుక్కునేటందుకు వచ్చినోళ్లే. చిన్నప్పుడు చెట్టు కింద తప్పు చేస్తే పక్క బ్రోకర్ మొఖం మీదనే చెప్పేటోడు. పెద్దగయినంక ఆ పక్క బ్రోకరే చేతులు కట్టుకొని నిలబడ్డడు.

1865 జులై 1

1865 ఏప్రిల్‌ల అమెరికా దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయిండు. యుద్ధం ముగుస్తున్నదని తెలుసుడుతోనే లివర్‌పూల్‌ల పత్తి ధర కూలింది. ఆ కబురు బొంబాయికి చేరినంక బజారుల కొనేటోడు మాయమైండు. మే నెలల ఒక పెద్ద పార్సీ పత్తి వ్యాపారి కోట్ల బాకీలతోని చేతులెత్తేసిండు. అప్పటినుంచి ఒకని ఎనుక ఒకడు. జులై 1 వచ్చింది. ఫలానా ధరకు తీసుకుంట అని రాసిచ్చినోడు తీసుకోలే, ఎందుకంటే వాడు అమ్మాల్సినోడు కూడ తీసుకోలే. కాగితాలు తప్ప పైసలు లేవు. ఎంతమంది దివాలా తీసిన్రంటే, ఉన్న కోర్టులు చాలక సర్కారు అదే ఏడాది 28వ నంబర్ చట్టం అని దివాలాల కోసమే ఒక చట్టం తేవాల్సి వచ్చింది.

2,850 రూపాయల దాక పోయిన బ్యాంక్ ఆఫ్ బాంబే షేర్ 87కు పడ్డది. ఆ బ్యాంకు 1868ల మూతపడ్డది. అదే ఏడాది ఏం జరిగిందో తేల్చేటందుకు సర్కారు విచారణ కమిషన్ వేసింది, చిట్టీల మీద అప్పులిచ్చుడంత బయటపడ్డది. అదే పేరుతోని కొత్త బ్యాంకు పెట్టిన్రు. తర్వాత 1921ల అది ఇంపీరియల్ బ్యాంకుల కలిసింది, 1955ల ఇంపీరియల్ బ్యాంకే స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా అయ్యింది. ఇయ్యాల ప్లాటు లోన్‌కు పోతే ఎస్‌బీఐల లీగల్ రిపోర్టు, వాల్యుయేషన్ రిపోర్టు అని వారం రోజులు తిప్పుతరని తిట్టుకుంటం గద. ఆ బ్యాంకు తాత ఒకనాడు ఒక్క చిట్టీ మీద లక్షలిచ్చి మునిగింది.

టాటాల ఇంటిని గూడ ఈ ఏటు తాకింది. నుసర్వాన్‌జీ టాటా ప్రేమ్‌చంద్‌తోని కలిసి వ్యాపారం చేసిండు, లండన్‌ల ఒక బ్యాంకు పెట్టాలనుకున్నరు. ఆ పని మీద కొడుకు జంషెట్‌జీ 1864 ఆఖరుల ఇంగ్లండ్‌కు పోయిండు. చేరేసరికి ఆయన చేతులల్ల ఉన్న కాగితాలకు విలువ లేకుండ పోతున్నది. ఇరవై ఐదేండ్లు దాటిన పోరడు, పరాయి దేశం. దాసిపెట్టకుండ అప్పులోళ్ల ముంగట లెక్కలన్నీ పెట్టిండు. వాళ్లు ఆయన్నే నమ్మి, జీతమిచ్చి, ఆ వ్యవహారం తేల్చే పని ఆయనకే అప్పజెప్పిన్రు. తర్వాత ముప్పై నలభై ఏండ్లు ఆ పేరు ఎంత పనికొచ్చిందో వేరే చెప్పనవసరం లేదు. ప్రేమ్‌చంద్ పుణ్యాన జంషెట్‌జీకి దొరికిన అసలు కాంటాక్టులు ఆ అప్పులోళ్లే అనిపిస్తది నాకు.

బొంబాయిల షేర్లు కొన్నోళ్ల గురించి పుస్తకాలు ఉన్నయి. పత్తి పండించినోళ్ల గురించి తక్కువ. ధర ఉన్నప్పుడు షావుకార్లు ఊర్లల్లకు వచ్చి రైతుకు అడిగినంత అప్పిచ్చిన్రు. ధర పడ్డంక కొత్త అప్పు బందు పెట్టి పాతది గుంజిన్రు. అదే సమయానికి పుణె, అహ్మద్‌నగర్ దిక్కు సర్కారు శిస్తు పెంచింది. పదేండ్లకు, 1875ల, ఆ జిల్లాల రైతులు షావుకార్ల ఇండ్ల మీద పడి అప్పు కాగితాలు కాలబెట్టిన్రు. దక్కన్ రైతుల తిరుగుబాటు అంటరు దాన్ని. వాళ్లల్ల ఒక్కడు కూడ బ్యాక్ బే షేర్ కొని ఉండడు.

మళ్ల అదే పని

ప్రేమ్‌చంద్ ఆస్తంత పోయింది, దివాలా తీసిండు. ఎన్నో కుటుంబాలు ఆయన పేరు చెప్పి ఏడ్చినయి. కానీ ఊరు ఇడిసి పారిపోలే. పైసలు వరదలెక్క వచ్చిన రోజులల్లనే ఆయన దానం చేసినయి మాత్రం మిగిలినయి. బొంబాయి యూనివర్సిటీ లైబ్రరీకి రెండు లక్షలు, గడియారం గోపురానికి తల్లి పేరు పెట్టాలని ఇంకో రెండు లక్షలు ఇచ్చిండు. కలకత్తా యూనివర్సిటీకి రెండు లక్షలు. ఆ సొమ్ము మిత్తితోని 1868 నుంచి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ స్కాలర్‌షిప్ నడిచింది, అది వచ్చుడంటే పెద్ద ఇజ్జత్. గుజరాత్‌ల ఆడపిల్లల బడులకు గూడ ఇచ్చిండు. ఇచ్చిన సొమ్ము ఎవలిదీ అని అడగొచ్చు. అడుగుడు న్యాయమే. ఆ పైసలల్ల జులై 1 నాడు మునిగినోళ్లయి కూడ ఉంటయి. అయినా లాభం వచ్చినప్పుడు పది కార్లు కొనకుండ లైబ్రరీకి ఇచ్చినోళ్లు మన రియల్ ఎస్టేట్ పెద్దలల్ల ఎంతమంది అని కూడ అడగాలె.

గోపురం పని 1869ల మొదలై 1878 నవంబర్‌ల పూర్తయింది. నక్షా గీసింది ఇంగ్లండ్‌ల జార్జ్ గిల్బర్ట్ స్కాట్ అనే పేరుమోసిన ఆర్కిటెక్ట్. తల్లికి కండ్లు కనపడకపోయేదని, జైనులు పొద్దుగూకకముందే తినాలె గనుక గంట వింటే వేళ తెలుస్తదని కట్టిచ్చిండని ఒక కథ చెప్తరు. అది నిజమైనా కాకపోయినా బొంబాయోళ్లకు ఆ కథంటే ప్రేమ.

ఆయన మాత్రం మల్ల అదే పనికి వచ్చిండు, బ్రోకర్ పనికి. ఈసారి కంపెనీలు పెట్టలే, షేర్ల జాబితాలు రాయలే. ఒకని సరుకు ఇంకొకనికి చూపి కమీషన్ తీసుకునుడే. 1875ల బొంబాయి బ్రోకర్లంత కలిసి సంఘం పెట్టుకున్నరు, చెట్టు కింది బేరాలకు ఒక కట్టు ఉండాలని. ఇయ్యాలటి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ అదే. దాన్ని నిలబెట్టిన పెద్దలల్ల ప్రేమ్‌చంద్ ఒకడు. మునిగినోడు, ముంచినోడు అని తెలిసి కూడ తోటి బ్రోకర్లు ఆయన్ను పక్కకు పెట్టలే. ఇంకో నలభై ఏండ్లు బతికి, 1906ల పోయిండు.

బ్యాక్ బే కంపెనీ మూతపడే నాటికి సముద్రంల పూడింది ఒక సన్నపు పట్టీనే. దాన్ని సర్కారు తీసుకొని రైలు కంపెనీకిచ్చింది. మిగిలిన సముద్రాన్ని 1920లల్ల సర్కారే మల్ల పూడ్వబోయి అభాసుపాలైంది, ఆ తర్వాత గని మెరైన్ డ్రైవ్ రాలేదు. చర్చ్‌గేట్ నుంచి మెరైన్ లైన్స్ దిక్కు లోకల్ ఎక్కితే ఇప్పుడు కాళ్ల కింద ఉండేది ఆ మొదటి పట్టీనే. 55 వేలు పెట్టి షేర్ కొన్నోళ్లకు దాంట్ల జానెడు జాగ దక్కలే.